ఎర్ర నాడాకు కుడిపక్క

ఒస్మార్ ఇరవైతొమ్మిదేళ్లు బస్సు నడిపాడు. బ్రూస్కి నుంచి ఇటజాయికి, ఇటజాయి నుంచి బ్రూస్కికి. ఆ దారిలో ఏ మలుపు దగ్గర ఏ కుక్క అడ్డం వస్తుందో పేరుతో సహా చెప్పగలిగేవాడు. ఇన్నేళ్లలో ఒక్క మనిషికి గీత పడలేదు, ఒక్క అద్దం పగల్లేదు అని చెప్పుకోవడం అతనికి మహా ఇష్టం. నిజానికి ఒక అద్దం పగిలింది. ఇరాసి ఆ సంగతి ఎత్తినప్పుడల్లా, అప్పుడు బస్సు ఆగి ఉంది, ఆగి ఉన్న బస్సు లెక్కలోకి రాదు అని వాదించేవాడు.

ఇరాసి అతని భార్య. ఆమెది కత్తెర పని. ఊళ్లో సగం ఇళ్లలో లాగే వాళ్ల కారు షెడ్డులోనూ కారు ఉండదు, బల్ల ఉంటుంది. ఏడు మీటర్ల బల్ల. దాని మీద గుడ్డను పొరలు పొరలుగా పరిచి, పై పొర మీద సుద్దతో ముక్కలు గీసి, కరెంటు కత్తితో అన్నిటినీ ఒక్కసారే కోస్తుంది. చొక్కా వీపు పక్కన జేబు, జేబు పక్క సందులో కాలరు, కాలరు వంపులో గుండీల పట్టీ, ఇలా ఒకదాని ఒళ్లో ఒకటి ఇరికించి గుడ్డ మిగల్చడం ఆమెకు కొట్టిన పిండి. ఇరాసి కోశాక మిగిలిన పేలికలతో బొమ్మకు కూడా గౌను రాదని ఆ వీధిలో కుట్టేవాళ్లు నవ్వుకునేవారు.

ఇక్కడొక మాట చెప్పాలి. పేకలోవీ ముక్కలే, గుడ్డలోవీ ముక్కలే. ఆ ఊరి భాషలో రెండింటికీ వేరు వేరు పేర్లున్నాయి గాని మనకు ఒకటే మాట. ఆ ఊళ్లో వాళ్ల మధ్య నేను ఇన్నేళ్లు ఉన్నాక, ఈ మొగుడూ పెళ్లాల సంగతి చెప్పడానికి మన భాషే బాగా కుదిరిందని నాకు అనిపిస్తుంది.

స్టీరింగు వదిలాక ఒస్మార్ పొద్దున పూట భార్యకు గుడ్డ పరిచిపెట్టేవాడు. మధ్యాహ్నం కంప్యూటరు ముందు కూర్చుని పోకర్ ఆడేవాడు. చిల్లర పందేలే. గెలిస్తే ఆదివారం బాతు వండుకునేవారు, ఓడితే కోడి. అతనికి అసలు పిచ్చి గరాజు జట్టు మీద. అతనితో కలిపి రిటైరైన డ్రైవర్లు నలుగురు, వాళ్లకు పెద్ద లీరియో. లీరియో ఒకప్పుడు బస్సుల గరాజులో మేస్త్రీ. తను ఆడడు, ఆడిస్తాడు. చుట్టుపక్కల ఊళ్ల జట్లతో ప్రతి ఆదివారం మధ్యాహ్నం రెండింటికి పోటీ. ఎవరింట్లో వాళ్లు కూర్చునే ఆడతారు గాని, ఒక్కొక్కరు ఒకేసారి ఆరు టేబుళ్ల దగ్గర ఆడాలన్నది నియమం.

ఆరు టేబుళ్లంటే తెర మీద ఆరు బొమ్మలు. ప్రతి దాంట్లోనూ నీ ముక్కలు రెండు. ఎక్కడ నీ వంతు వస్తే అక్కడ పదిహేను సెకన్లలో బటన్ నొక్కాలి. నొక్కలేదా, మిషనే నీ ముక్కల్ని తీసి అవతల పడేస్తుంది. ఒస్మార్‌కు ఇది బస్సు నడిపినంత సుఖంగా ఉండేది. రోడ్డు, ఎడమ అద్దం, కుడి అద్దం, మళ్లీ రోడ్డు. జట్టులో అతన్నే నమ్మకస్తుడు అనేవారు.

అలాంటివాడి ముక్కలు ఏప్రిల్ నుంచి మిషను పడేయడం మొదలైంది.

లీరియో ఫోన్ చేశాడు. "ఏరా, ఉన్నావా పోయావా? నీకోసం చూసి చూసి మూడు ఆటలు పడేసింది మిషను."

"ఇంటర్నెట్‌రా. లైను సరిగ్గా లేదు."

"అందరికీ ఒకటే లైను కదరా! మీ ఇంటి దాకా వచ్చేసరికి దానికి కునుకు పట్టిందా?"

ఒస్మార్ లైనువాణ్ణి పిలిపించాడు. వాడు తీగ మార్చాడు. ఆ ఆదివారం ఐదు ఆటలు పోయాయి. మౌస్ మార్చాడు. ఏడు పోయాయి. ఎక్కడో టేబుల్ గంట కొట్టేది, అతను వెతుక్కునేవాడు, దొరికేలోపు ముక్కలు పోయేవి. తెర ఎటుపక్క పోతున్నాయో గమనించాలని అతనికి తోచలేదు, ఎందుకంటే అతని లెక్క ప్రకారం తెరంతా కనిపిస్తూనే ఉంది.

తెర మరీ చిన్నదై ఉంటుందని జట్టుకు తోచింది. మే నెలలో అతని పుట్టినరోజుకు అందరూ తలా కొంత వేసుకుని కిటికీ అంత తెర ఒకటి కొన్నారు. ముగ్గురు దాన్ని దుప్పట్లో చుట్టి, పసిబిడ్డను తెచ్చినట్టు తెచ్చి పెట్టారు. ఒస్మార్‌కు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆరు టేబుళ్లనూ ఈ చివర నుంచి ఆ చివర దాకా విశాలంగా పరుచుకున్నాడు. ఆ ఆదివారం పద్నాలుగు ఆటలు పోయాయి. అంత ప్రేమగా తెచ్చిన తెర మీద అంత చెత్తగా ఆడినందుకు సిగ్గుతో చచ్చిపోయాడు.

లీరియో ఈసారి కేకలు వేయలేదు. మెల్లగా మాట్లాడాడు. ఒస్మార్‌కు దానికే ఎక్కువ భయం వేసింది.

"ఒరేయ్, జూన్ ఆఖరి ఆదివారం దాకా చూస్తాను. మధ్యలో వారాలు నువ్వు విశ్రాంతి తీసుకో. ఆ రోజు నేనే వచ్చి నీ పక్కన కూర్చుంటా. రెండు ఆటలు మిషను పడేసిందంటే మటుకు వాల్మోర్‌ను దింపుతాను. ఏమీ అనుకోకు."

వాల్మోర్ డ్రైవర్ కూడా కాదు, కండక్టరు. అయినా ఒస్మార్‌కు బాధ అది కాదు. బస్సు వదిలాక ఫలానా టైముకు ఫలానా చోట అతను ఉండాలని ఎదురుచూసే మనుషులు ఈ లోకంలో ఆ నలుగురే. ఆదివారం రెండింటి ఆట కూడా పోతే, ఇక అతను ఏ టైముకు లేచినా ఒకటే. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

ఇరాసితో అసలే అనలేదు. ఎందుకంటే ఆ రోజుల్లో ఇరాసి అతనితో సరిగ్గా మాట్లాడటం లేదు. ఆమె బాధ ఆమెది. సాయంత్రాలు ఆమె అతని ఎడమ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేది. ముప్పై ఏళ్లుగా ఆమె కూర్చునే చోటు అదే. టీ లాంటి మాతే ఆకు వేసిన సొరకాయ బుర్రలో వేడినీళ్లు పోసి, తాను ఒక విడత తాగి, మళ్లీ నింపి అతని వైపు చాపేది. అతను అందుకునేవాడు కాదు. ఆమె చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయేది. ఒకటి రెండుసార్లు పేకాట ధ్యాసలో ఉన్నాడులే అనుకుంది. నెల తిరిగేసరికి ఆమె మనసు విరిగింది. ఇన్నేళ్లు కాపురం చేసి ఇప్పుడు నేను ఇతని కంటికి ఆనడం లేదు అనుకుంది. అనుకున్న మాట అక్షరాలా నిజమని అప్పటికి ఆమెకు తెలియదు.

జూన్ మొదటి వారంలో పిల్లల చొక్కా పైజామా జతలకు పని వచ్చింది. చలికాలపు మెత్తటి గుడ్డ, దాని మీద ఎలుగుబంట్లు. ఎలుగుబంట్లు తలకిందులు కాకూడదు గనుక ప్రతి పొరనూ బల్ల ఒకే కొస నుంచి మొదలుపెట్టాలి. ఒస్మార్ గుడ్డ చుట్టను దొర్లించుకుంటూ పోయి, ఆ చివర కోసి, ఖాళీ చేతులతో తిరిగొచ్చి మళ్లీ మొదలుపెట్టేవాడు. ముప్పై ఆరు పొరలు. ఇరాసి గీసింది, కోసింది, కట్టలు కట్టి పంపింది.

రెండో రోజు కట్టలు తిరిగొచ్చాయి. చేతులు పొట్టి. అన్నీ కాదు, కొన్ని. ఆమె కోసిన ముక్క తిరిగి రావడం ఆ వీధి పుట్టాక ఇదే మొదలు. ఇరాసి ముఖం ఎర్రబడింది. పొట్టి చేతులన్నిటినీ వరసగా పెట్టి చూసింది. అన్నీ బల్ల ఎడమ అంచున గీసినవే. బల్ల మీద ఇంకో పని కోసం పరిచిన పొరలు ఉన్నాయి. వంగి అంచు చూసింది. కుడి అంచు పుస్తకం లాగా సమంగా ఉంది. ఎడమ అంచు మెట్లు మెట్లుగా లోపలికి జారిపోయి ఉంది.

"ఏమయ్యా డ్రైవరూ, ఇట్రా. ఈ అంచు చూడు."

"బాగానే ఉందిగా."

"ఏది బాగుంది? సగం గుడ్డ లోపలికి పోతే!"

"నేను సమంగానే పరిచానే. నువ్వు కదిపావేమో."

"నేను కదిపానా? ముప్పై ఏళ్లలో నేను కదిపానా?" ఇరాసి గొంతు పెరిగింది. మరు క్షణమే తగ్గింది. అతను అంచు వైపు చూడటం లేదని ఆమెకు అనిపించింది. చూస్తున్నాననే అనుకుంటున్నాడు, చూపు మాత్రం అటు పోవడం లేదు.

"కదలకుండా నిలబడు. నా ముక్కు మీదే చూపు పెట్టు. సుద్ద కనిపించగానే చెప్పు."

కుడి పక్క నుంచి సుద్దబిళ్ల తెచ్చింది. చెవి దగ్గర ఉండగానే చెప్పేశాడు. ఎడమ పక్క నుంచి తెచ్చింది. చెవి దాటింది, చెంప దాటింది, కన్ను దాటింది. అతను మాట్లాడలేదు. సుద్ద ముక్కు దాకా వచ్చాక, "ఆఁ, ఇదిగో," అన్నాడు. ఇరాసి చేతిలోంచి సుద్ద కింద పడి విరిగింది.

ఆస్పత్రిలో డాక్టరమ్మ దీపాలతో, బొమ్మలతో అరపూట చూసింది. "కళ్లకేమీ కాలేదు. మెదడులో చూపుకు సంబంధించిన చోట రక్తం కాసేపు ఆగింది. నొప్పి కూడా తెలిసి ఉండదు. రెండు కళ్లలోనూ ఎడమ సగం పోయింది. పోయినట్టు మీకు నల్లగా కనపడదు, అందుకే తెలియలేదు. అది తిరిగి రాదు. మందులు వాడితే ఇంకోసారి రాకుండా చూసుకోవచ్చు. తల ఎడమకు తిప్పి చూడటం మటుకు అలవాటు చేసుకోండి," అంది.

ఒస్మార్ ఒకటే అడిగాడు. "ఎప్పుడు పోయిందమ్మా?"

"ఖచ్చితంగా చెప్పలేం. కొన్ని నెలలై ఉంటుంది."

ఇంటికొచ్చాక మనిషి మంచానికి అతుక్కుపోయాడు. అన్నం ముట్టడు, పలకడు. రెండో రోజుకు ఇరాసి తల ప్రాణం తోకకొచ్చింది. "పేకాట కోసం ఇంత ఏడుపా?" అని కసిరింది.

"పేకాట కాదే." అతను మంచం మీంచి లేవకుండానే అన్నాడు. "బస్సు. నిండా నలభై మంది. ఎడమ సగం లేకుండా నడిపానేమో ఇరాసీ. పోయిన డిసెంబరు దాకా నడిపాను. అప్పటికే పోయిందేమో. ఎవరైనా పిల్లాడు ఎడమ పక్క నుంచి..."

ఇరాసి మంచం మీద కూర్చుంది. కసరడం మర్చిపోయింది. ఆలోచించి అడిగింది. "నీ ఆఖరి ట్రిప్పు రోజు నేనెక్కడ నిలబడ్డాను?"

"గరాజు గేటు దగ్గర. చేతిలో అరటిపండు కూకా కేకు ఉంది. గళ్ల గుడ్డ కప్పావు."

"గేటుకు ఏ పక్క?"

ఒస్మార్ లేచి కూర్చున్నాడు. గేటు దాటుతుంటే తన చూపు ఎటు పోయిందో గుర్తు తెచ్చుకున్నాడు. ఎడమ అద్దం. అద్దం మూలలో చిన్నగా ఇరాసి, కూకా మీద గళ్ల గుడ్డ, ఆ గుడ్డను గాలికి ఎగరకుండా పట్టుకున్న బొటనవేలు. అతను తల తిప్పలేదు, అద్దంలోనే చూసి రెండు వేళ్లు ఎత్తాడు. ఆమె నవ్వడం కూడా అద్దంలోనే చూశాడు.

"ఎడమ అద్దంలో కనిపించావు," అన్నాడు. "నీ బొటనవేలు కూడా కనిపించింది." ఆ మాటతో ప్రాణం లేచొచ్చి భోరున ఏడ్చాడు. దేవుడికి ఎన్ని దండాలు పెట్టాడో లెక్కలేదు. దిగాక పోయిందన్నమాట, నలభై మందినీ క్షేమంగా దింపాక పోయిందన్నమాట. ఆ రోజు నుంచి పోయిన సగం కోసం అతను ఒక్కసారి కూడా విచారించలేదు. ఇది నేను కళ్లారా చూశాను కాబట్టి రాస్తున్నాను.

అయితే జూన్ ఆఖరి ఆదివారం అలాగే ఉంది. జట్టుకు ఈ సంగతి చెప్పొద్దని ఒస్మార్ బతిమాలాడు. "చెబితే జాలిపడి ఉంచుకుంటారే. జాలి కుర్చీ నాకొద్దు. ఆడగలిగితే కూర్చుంటా, లేకపోతే వాల్మోరే కూర్చుంటాడు."

"సరే. అయితే ఆ తెర ఇటు తిప్పు," అంది ఇరాసి. "పేక నాకు రాదు. ఇరికించడం వచ్చు. నీకు ఈ బొమ్మలో ఏమేం కావాలి? అన్నీ కావాలనకు."

అతను చూపించాడు. నా ముక్కలు రెండు, మధ్యలో పరిచే ముక్కలు, పక్కన పందెం, కింద బటన్లు.

"మరి ఈ వాగుడు పెట్టె?"

"అది ఒకళ్లనొకళ్లు తిట్టుకోవడానికి."

"ఈ చుట్టూ కట్టె అంచు?"

"ఊరికే, అందానికి."

"అయితే అదంతా కుట్టు లోపలికి పోయే గుడ్డ. ఒకదాని కిందకి ఒకటి తోసెయ్యొచ్చు." ఆమె తెరకు సరిగ్గా నడిమధ్యన, పైనుంచి కిందికి, గుడ్డకు అంచు కుట్టే ఎర్ర నాడా ఒకటి జిగురు పెట్టి అతికించింది. ఆరు టేబుళ్లనూ నాడాకు కుడిపక్కనే, రెండు వరసల్లో, ఒకదాని కింద ఒకటిగా మూడేసి చొప్పున పేర్చింది. ఒక టేబుల్ వాగుడు పెట్టె మీద ఇంకో టేబుల్ కట్టె అంచు ఎక్కింది. ముక్కలూ పందెం బటన్లూ మటుకు అన్నిట్లోనూ కనిపిస్తున్నాయి. ఎడమ సగం ఉత్త నలుపు.

"చూపు నాడా మీద పెట్టు. అప్పుడు అన్నీ నీకు కుడిపక్కనే పడతాయి. దేనికైనా వెళ్లు, నొక్కు, మళ్లీ నాడా దగ్గరికి రా. అద్దం చూసి రోడ్డు మీదికి రావా? అలాగే."

ఒస్మార్ నాడా మీద చూపు పెట్టాడు. ఆరూ కనిపించాయి. ఆరింటికి ఆరు. మూడు నెలల తర్వాత నమ్మకంగా మౌస్ పట్టుకున్నాడు.

చిల్లర పందేలు ఆడి చూస్తుంటే పావుగంటలో కొంప మునిగింది. మూడో టేబుల్లో ఇస్పేటు ఆసు, ఆఠీను ఆసు వచ్చాయి. రెండు ఆసులు! ఎందుకూ పనికిరాని రెండో టేబుల్ ముక్కల్ని పడేయబోయి, దాన్ని ఆనుకుని ఉన్న మూడో టేబుల్ బటన్ నొక్కాడు. ఆసులు రెండూ గంగలో కలిశాయి.

"దొంగసచ్చినదానా, ఇంత ఇరుగ్గా పెడితే వేలెక్కడ దూరుతుందే!"

ఇరాసి నుదురు కొట్టుకుని పగలబడి నవ్వింది. "అయ్యో, కత్తి దారి వదల్లేదు! పనిలో చేరిన మొదటి వారం నేర్పేది అదే కదా. గుడ్డ మిగల్చాలనే యావలో ముక్కకూ ముక్కకూ మధ్య కత్తి పోయే సందు వదలడం మర్చిపోయాను. సిగ్గు, సిగ్గు!" సుద్దబిళ్ల మందాన సందు వదిలి మళ్లీ పేర్చింది. వంతు వచ్చిన టేబుల్ దానంతటది పైకి లేచే ఏర్పాటు కూడా తీయించింది. పరిచాక గుడ్డ కదలకూడదు అంది.

ఆఖరి ఆదివారం వచ్చింది. బయట చలి, పొయ్యి మీద అడవి పైన్ గింజలు ఉడుకుతున్నాయి. లీరియో కోటు విప్పకుండానే తెర చూసి నిలబడిపోయాడు.

"ఇదేంట్రా! ముగ్గురం నడుములు విరిగేలా మోసుకొచ్చిన తెరలో సగం ఎండబెట్టావ్?"

"ఆ సగం నీ నోటికి ఉంచాం," అంది ఇరాసి. "కూర్చో లీరియో, గింజలు వలుచుకో."

"నీ కత్తెర కంటే నీ నాలుకే పదును వదినా," అని లీరియో కూర్చున్నాడు.

రెండు గంటలు కొట్టింది. ఒస్మార్ నాడా పట్టుకున్నాడు. వెళ్లడం, నొక్కడం, నాడా. వెళ్లడం, నొక్కడం, నాడా. గంటన్నర గడిచాక కుడి చివర ఆరో టేబుల్లో రాజుల జత వచ్చింది. పందెం పెద్దదైంది. ఇంకొక్క క్షణం, ఇంకొక్క క్షణం అని అతని చూపు అక్కడే అతుక్కుపోయింది. అటు చూస్తుంటే ఎడమ వరసలోవన్నీ మాయమయ్యాయి. ఒకటో టేబుల్ గంట కొట్టింది. లీరియో వలుస్తున్న గింజను నోట్లో పెట్టుకోకుండా ఆపాడు. ఇరాసి పెదవి కొరుక్కుంది గాని చెప్పలేదు. ఆడగలిగితేనే కూర్చుంటా అన్న మాట ఆమెకు గుర్తుంది.

ఒస్మార్ చూపును బలవంతంగా పెరికి నాడా దగ్గరికి తెచ్చాడు. ఒకటో టేబుల్ కనిపించింది. మూడు సెకన్లు మిగిలి ఉన్నాయి. నొక్కాడు. మళ్లీ రాజుల దగ్గరికి వెళ్లాడు. ఆ రాజులు ఓడిపోయాయి, అది వేరే సంగతి.

ఐదింటికి ఆట అయిపోయింది. జట్టు తొమ్మిదింటిలో ఐదోది. మిషను ఒస్మార్ ముక్కల్ని ఒక్కసారి కూడా పడేయలేదు. లీరియో ఫోన్ తీసి వాల్మోర్‌కు, "నువ్వు అక్కర్లేదురా, పోయి పడుకో," అని చెప్పాడు. అప్పుడు ఒస్మార్ అసలు సంగతి చెప్పాడు.

లీరియో వంగి గింజల తొక్కలు ఏరాడు. "అయితే పెద్ద తెర తెచ్చి నీకు ఇంకా అన్యాయం చేశామన్నమాట," అన్నాడు.

"అంత మాట అనకురా. మీ తెర పెద్దది కాబట్టే దాంట్లో సగం కూడా నాకు సరిపోయింది. పాత తెరలో సగమైతే ఇరాసి ఏం ఇరికించేది, ఎక్కడ ఇరికించేది? మీ ముగ్గురి నడుముల పుణ్యం."

లీరియో వెళ్లేముందు ఇరాసిని గట్టిగా కౌగలించుకున్నాడు. ఏదో అనబోయి, గింజలు బాగా ఉడికాయి వదినా అన్నాడు.

ఇద్దరే మిగిలారు. ఒస్మార్ కంప్యూటరు కట్టేసి కుర్చీలో వెనక్కి వాలాడు. మాతే బుర్రలో నీళ్లు పోస్తున్న చప్పుడు వినిపించింది. డాక్టరమ్మ నేర్పినట్టు తలంతా ఎడమకు తిప్పాడు, ఇరాసి తర్వాత చెప్పిన ఆ చెయ్యి ఈసారి గాల్లో ఉండిపోకూడదని. ఎడమన గోడ ఉంది. కుర్చీ లేదు, ఇరాసి లేదు. ఇన్నాళ్లూ తను చూడలేదు గనుక ఆమె లేచి వెళ్లిపోయిందని అనిపించింది.

"ఇరాసీ?"

"ఇటు, డ్రైవరూ. ఇటు." కుడిపక్క నుంచి నవ్వు వినిపించింది. "అటు ఇక నేను కూర్చోను."

అతను ఇటు తిరిగాడు. కుర్చీ మొత్తం కుడిపక్కకు మారిపోయి ఉంది. ఆమె బుర్ర చాపి పట్టుకుంది, బొటనవేలు అంచు మీద ఉంది. ఒస్మార్ రెండు చేతులతో అందుకున్నాడు.